కోత మిషన్ల యాప్‌కి పూచీ ఎవరు?

వ్యాపారం, సాంకేతికం మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అక్కా, మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. బీటెక్ చదివాను, వయసు 27. ఇద్దరు స్నేహితులతో కలిసి వరి కోత మిషన్ల కోసం యాప్ చేశాం. రైతు తన ఊరు, ఎకరాలు, కోత రోజు పెడితే దగ్గర్లో ఉన్న మిషన్ యజమానులకు కబురు వెళ్తుంది. యజమాని ఒప్పుకుంటే బుకింగ్ అయినట్టే. మేం నూటికి 8 తీసుకుంటాం. ఇప్పటికి 4 లక్షలు ఖర్చయింది. కోవూరు నుంచి ఆత్మకూరు దాకా ఊరూరా పోస్టర్లు అంటించాం. 1,900 మంది యాప్ దించుకున్నారు. మార్చి కోతల్లో వచ్చిన బుకింగులు మాత్రం 23. అందులో 9 మంది రైతులు ఎడగారు (రెండో పంట) కోతకి అదే మిషన్ వాళ్లని నేరుగా ఫోన్ చేసి పిలుచుకున్నారు. మిగతా రైతులంతా ఎప్పట్లాగే మిషన్లు కుదిర్చే మీడియేటర్ దగ్గరికే పోతున్నారు. అమెజాన్, ఊబర్ లాంటివి ఎట్లా నిలబడ్డాయి? మా తప్పు ఎక్కడుంది? ఒకాయన పెట్టుబడి పెడతానంటున్నాడు, రాష్ట్రమంతా విస్తరించమంటున్నాడు. విస్తరించాలా?

జవాబు: తమ్ముడూ, విస్తరించవద్దు. ఆయనకి నువ్వు ఈ వారంలోనే ఏదో ఒకటి చెప్పాల్సి రావచ్చు కాబట్టి ఆ మాట ముందు చెప్పేస్తున్నాను. ఎందుకో కాస్త ఓపిగ్గా చదువు.

మాది కొండపి దగ్గర పల్లె. నాన్న పొగాకు రైతు. నీ యాప్, అమెజాన్, ఊబర్ లాంటి, రెండు పక్కల వాళ్లనీ కలిపే చోటుని ప్లాట్‌ఫారం అంటారు. ఆ మాట నాకు బెంగళూరు ఆఫీసులో తెలిసింది కాదు, ఇంట్లో వింటూ పెరిగిన మాట. "రేపు ప్లాట్‌ఫారానికి చెక్కులు తోలాలి, ట్రాక్టరుకి చెప్పిరండి" అనేవాడు నాన్న. చెక్కు అంటే పొగాకు ఆకు బేలు. పొగాకు బోర్డు వేలం కేంద్రాలని మా వైపు అట్లాగే అంటారు. కొండపి, టంగుటూరు, పొదిలి, వెల్లంపల్లి, ఇంకా మీ వైపు కలిగిరి, డీసీ పల్లి. 1975 చట్టంతో బోర్డు ఏర్పడింది, గుంటూరులో ఆఫీసు పెట్టారు. ఆంధ్రలో వేలాలు మొదలైంది మాత్రం 1985లో. అంతకు ముందు మా తాత పండించిన ఆకుని వ్యాపారి ఇంటికొచ్చి చూసి, తనే గ్రేడు చెప్పి, తనే తూకం వేసి, డబ్బు తర్వాత ఇస్తానని బండి కట్టుకుపోయేవాడట. ఆ 'తర్వాత' ఒక్కో ఏడు మళ్లీ నాట్ల దాకా సాగేది. కొనేవాడి గుమ్మం ఎన్నిసార్లు తొక్కాడో తాత చివరిదాకా చెప్పుకునేవాడు.

వేలం వచ్చాక ఏం మారిందో నేను కళ్లారా చూశాను. చెక్కు ప్లాట్‌ఫారంలోకి రాగానే బోర్డు కాటా మీద తూకం. దాని మీద లాట్ నంబరుతో చీటీ. వరసల్లో పేర్చాక గ్రేడు వేసేది బోర్డు మనిషే. కొనే కంపెనీల వాళ్లు వరస వెంట నడుస్తుంటే పాట సాగుతూ పోయేది. ఎవరు ఎంతకు పాడారో చీటీ మీద పడేది. ఇప్పుడు ఆ పాట చేతిలో పట్టుకునే చిన్న మిషన్లలోకి మారింది, పద్ధతి అదే. ధర నచ్చకపోతే చెక్కుని అమ్మనని రైతు వెనక్కి తెచ్చుకోవచ్చు. అమ్మితే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది.

మామూలుగా బోర్డు అక్కడ ఆకు కొనదు, అమ్మదు. తూకానికి, గ్రేడుకి, డబ్బుకి పూచీ పడుతుంది. ఆ పూచీ కోసమే ఇటు రైతూ అటు కంపెనీ అక్కడికి వస్తారు, ఇద్దరూ రుసుము కడతారు. ధర బాగుంటుందా అంటే అన్ని ఏళ్లూ ఉండదు. కంపెనీలు సరిగా పాడటం లేదని రైతులు వేలం ఆపి బయట బైఠాయించిన రోజులు నాకు తెలుసు. లేని గిరాకీని ప్లాట్‌ఫారం పుట్టించలేదు, ఉన్న గిరాకీకీ సరుక్కీ మధ్య భయం తీసేస్తుంది అంతే. కానీ ఆ 'అంతే' చాలా పెద్ద పని. మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల చదువు దాని మీదే సాగింది.

ఇప్పుడు నీ యాప్ దేనికి పూచీ పడుతోందో చూద్దాం.

మా పిన్నిది విడవలూరు. నాలుగేళ్ల కిందట మార్చిలో నేను వాళ్లింట్లో ఉన్నప్పుడు పైరు కోతకొచ్చింది, ఆకాశం మూసుకుంది. కయ్యలో ఇంకా తడి ఉంది కాబట్టి టైర్ల మిషన్ దిగదు, చైన్ మిషన్ కావాలి. బాబాయి ఫోన్ చేసింది ఒక్క మనిషికే, ఆ ఊరి మీడియేటర్‌కి. అతను తమిళనాడు నుంచి మూడు మిషన్లు పిలిపించి ఉంచాడు. డ్రైవర్లకి పడకా భోజనమూ అతనే చూస్తాడు, డీజిల్ అతనే తెస్తాడు. రాత్రి పదకొండుకి మిషన్ దిగబడితే గెనెం (గట్టు) మీద నిలబడి ట్రాక్టర్‌తో లాగించాడు. దిగబడిన ముప్పావు గంట లెక్కలోకి రావాలని డ్రైవరు, రాకూడదని బాబాయి. ఇద్దరికీ సర్దిచెప్పి సగానికి తెంచాడు. డబ్బు వడ్లు అమ్మాక ఇస్తానని బాబాయి అంటే మిషన్ యజమానికి తన జేబులోంచి కట్టాడు. తెల్లారేసరికి వడ్లు పట్టల మీదికి చేరాయి, ఆ సాయంత్రం వాన పడింది.

నీ యాప్‌లో ఇవేమీ లేవు. వాన ముంచుకొస్తుంటే మిషన్ తప్పక వస్తుందని ఎవరూ మాట ఇవ్వరు. గంటల లెక్క తేల్చేవాళ్లు లేరు. రైతు డబ్బు ఆలస్యం చేస్తే యజమానికి దిక్కు లేదు. ఉన్నది ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరికి ఇవ్వడం, దానికి నూటికి 8. నంబరు ఒకసారి చేతికందాక మళ్లీ నీకెందుకు కట్టాలి? ఆ 9 మంది రైతుల్ని తప్పు పట్టకు.

ఈ దెబ్బ పెద్దవాళ్లకీ తగిలింది. అమెరికాలో హోమ్‌జాయ్ అని ఇళ్లు శుభ్రం చేసే పనివాళ్లని కుదిర్చే సంస్థ ఉండేది. పెట్టుబడి బాగానే వచ్చింది, ఊరి తర్వాత ఊరు చకచకా విస్తరించారు, 2015లో మూసేశారు. పనివాళ్లని ఉద్యోగులుగా చూడాలా వద్దా అన్న కోర్టు కేసులు ఒక కారణం. అంతకు ముందు నుంచీ లోపల ఇంకో జబ్బు ఉంది. మొదటిసారి తగ్గింపు ధర చూసి వచ్చినవాళ్లు రెండోసారి వచ్చేవాళ్లు కాదు, పని నచ్చినవాళ్లేమో ఆ పనిమనిషినే నేరుగా మాట్లాడుకునేవాళ్లు. ఊబర్‌కి ఈ బెడద తక్కువ. మనిషి ఒక్కోసారి ఒక్కో చోట నిలబడి ఉంటాడు, బండి నిమిషాల్లో కావాలి, కిందటిసారి వచ్చిన డ్రైవరు ఇప్పుడు ఏ మూల ఉన్నాడో తెలియదు. నీ వ్యాపారంలో ఏడాదికి రెండు కోతలు, అదే కయ్య, అదే మిషన్. నువ్వు ఊబర్‌ని చూసి యాప్ గీశావు, నీ వ్యాపారం మాత్రం హోమ్‌జాయ్‌ది.

ఇక విస్తరణ మాట. బ్యాంక్ ఆఫ్ అమెరికా 1958లో ఒక క్రెడిట్ కార్డు తెచ్చింది. తర్వాత్తర్వాత వీసా అయింది అదే. వాళ్ల చిక్కూ నీ చిక్కూ ఒకటే. కొట్లలో తీసుకోకపోతే జనానికి కార్డు దండగ, జనం దగ్గర కార్డు లేకపోతే కొట్టువాడికి దండగ. ఎవరిని ముందు తేవాలి? వాళ్లు దేశమంతా వెళ్లలేదు, కాలిఫోర్నియా అంతా కూడా వెళ్లలేదు. ఫ్రెస్నో అనే ఒక్క ఊరు పట్టుకున్నారు. చుట్టూ ద్రాక్ష, పత్తి పండే వ్యవసాయపు ఊరు, చాలా ఇళ్లవాళ్లకి అప్పటికే ఆ బ్యాంకులో ఖాతాలున్న ఊరు. ముందు కొట్ల వాళ్లని ఒప్పించుకుని, సెప్టెంబరులో ఒక్కసారిగా 60,000 కార్డులు ఇళ్లకి పోస్టులో పంపేశారు. ఆ ఊళ్లో ఏ వీధిలో చూసినా కార్డు ఉన్నవాళ్లే. ఇక కొట్టువాడు కాదనలేడు. ఆ తర్వాత మిగతా ఊళ్లకి తొందరపడి, తాహతు చూడకుండా కార్డులు పంచినందుకు ఎగవేతలూ మోసాలూ పెరిగి బ్యాంకు లక్షల డాలర్లు పోగొట్టుకుంది. ఒకే ఊళ్లో చిక్కగా మొదలుపెట్టడం ఎంత లాభమో, పూచీ చూసుకోకుండా పరిగెత్తడం ఎంత నష్టమో రెండూ ఆ ఒక్క కార్డు చరిత్రలో ఉన్నాయి. చదువుకున్నవాడివి, వెతికి చదువు.

నువ్వు నారుని పలచగా చల్లేశావు. కోవూరు నుంచి ఆత్మకూరు దాకా 1,900 మంది అంటే ఊరికి పదిమందో పదిహేనుమందో. ఈ యాప్ చూడకపోతే నా మిషన్‌కి పని పోతుంది అని యజమాని భయపడేంతమంది ఒక్క ఊళ్లోనూ లేరు. రాష్ట్రమంతా వెళ్తే ఊరికి ఒకరిద్దరు అవుతారు.

అమెజాన్ పేరెత్తావు కాబట్టి అదీ చెబుతాను. 1995లో అది పుస్తకాల కొట్టు. తన సరుకు తనే అమ్ముకునేది. బయటివాళ్లు కూడా తన దగ్గర అమ్ముకునే చోటు పెట్టాలని 1999లో రెండు ప్రయత్నాలు చేసింది, వేలం పాట ఒకటి, జీషాప్స్ అని ఇంకొకటి. రెండూ తేలిపోయాయి. ఆ రెండిటినీ పక్క గదిలో పెట్టింది, పక్క గదిలోకి ఎవరొస్తారు? 2000లో పద్ధతి మార్చి, తన పుస్తకం ఉన్న పేజీలోనే బయటి అమ్మకందారు ధరని కూడా చూపించింది. తనకన్నా వాళ్లు తక్కువకి ఇచ్చినా సరేనంది. కొనేవాడు ఎట్లాగూ ఆ పేజీకి వస్తున్నాడు. 1999లో అక్కడి అమ్మకాల్లో బయటివాళ్ల వాటా 3 శాతం, 2018కి 58 శాతం. మరి మీ ఊళ్లో రైతులు ఇప్పటికే వచ్చి చేరే పేజీ ఏది? మీడియేటర్ ఫోను.

అందుకని అతన్ని పక్కకి నెట్టే ఆలోచన మానుకుని, అతన్నే మొదటి ఖాతాదారుగా పెట్టుకో. మన తెలుగువాడు ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి పోవడానికి బస్సు టికెట్ దొరక్క, స్నేహితులతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆ రోజుల్లో ఏ బస్సులో ఏ సీటు ఖాళీయో ఒక్క చోట తెలిసేది కాదు, ఏజెంటు నాలుగు ట్రావెల్స్‌కి ఫోన్లు చేసి అడగాలి. బయటివాళ్లకి కనబడింది టికెట్లు కొనుక్కునే సైటు. వాళ్లు బస్సుల యజమానులకి కూడా సీట్ల లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చారు. యజమాని రోజువారీ పని దాంట్లోనే నడుస్తుంటే ఖాళీ సీటు సంగతి దానంతటదే తెలిసిపోతుంది, ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. అమెరికాలో హోటల్ బల్లలు రిజర్వు చేసే ఓపెన్‌టేబుల్ కూడా 1998 నుంచి ఇట్లాగే నడిచింది. హోటళ్లకి రిజర్వేషన్ల పుస్తకం బదులు ఒక కంప్యూటర్ ఇచ్చింది. ఇంటర్నెట్‌లో ఒక్క మనిషి రాకపోయినా ఆ కంప్యూటర్‌తో హోటల్‌కి పనుంది. అది కూడా ముందు చాలా ఊళ్లకి పాకి, చేతులు కాలాక కొద్ది ఊళ్లకి కుదించుకుని, అక్కడ నిలబడ్డాకే మళ్లీ కదిలింది.

మీడియేటర్ చొక్కా జేబులో మడిచిన నోటు పుస్తకం ఒకటి ఉంటుంది. విడవలూరులో నేను చూశాను. ఏ రైతు, ఏ కయ్య, ఏ మిషన్, ఎన్ని గంటలు, ఎంతిచ్చాడు, ఎంత బాకీ. వానకి తడిసి సిరా పాకిపోయిన పేజీలు. మీ మండలంలో ఉన్న మీడియేటర్లందరినీ, పదిమందైనా పదిహేనుమందైనా, ఒక్కొక్కర్ని కలిసి ఆ పుస్తకాన్ని ఫోన్‌లో పెట్టివ్వు. డబ్బు తీసుకోకు. రెండోది గంటల తగాదా. డ్రైవర్ ఫోన్‌లో జీపీఎస్ ఉంది. మిషన్ కయ్యలో ఎన్నింటికి దిగింది, ఎంతసేపు కదిలింది, ఎంతసేపు నిలబడింది అని పని అయ్యాక ఇటు రైతుకి, అటు యజమానికి, మధ్యలో మీడియేటర్‌కి ఒకే మెసేజ్ వెళ్లేట్టు చెయ్యి. ఈ ఒక్కటి సరిగా కుదిరితే మా బాబాయి లాంటి రైతు "లెక్క మెసేజ్ వచ్చే మిషనే పంపించు" అని తనే అడుగుతాడు. రెండో పక్కని, అంటే రైతుల్ని, పోస్టర్లతో తేవాల్సిన అవసరం అప్పుడుండదు.

డబ్బుకి పూచీ అన్నిటికన్నా బరువైనది. కోత అయిన మర్నాడే యజమానికి నువ్వు కట్టి, రైతు దగ్గర వడ్లు అమ్మాక తీసుకోవడం. అది అప్పు వ్యాపారం, ఇప్పుడే దాని జోలికి పోకు. రెండు పంటల బాకీ లెక్కలు నీ దగ్గర చేరాక ఎవరు ఎన్నాళ్లకి కడతారో నీకు తెలుస్తుంది. ఆ పూచీ పడ్డ రోజున రుసుము అడుగు, ఇస్తారు. ఈ లోపల ఆ 8 తీసెయ్.

ఒక బాధ మిగిలి ఉంది. కోతలు ఏడాదిలో రెండు నెలలు. మిగతా పది నెలలు నీ యాప్ ఎవరూ తెరవరు, తెరవని యాప్‌ని జనం తీసేస్తారు. గడ్డి కట్టలు కట్టే మిషన్, రోటవేటర్, మందు కొట్టే డ్రోన్, వీటిని కూడా చాలా ఊళ్లలో ఆ మీడియేటరే తిప్పుతాడు. పుస్తకం అతనిదైతే అవన్నీ అందులోకే వస్తాయి. పెట్టుబడి ఆయనకి ఎన్ని వేలమంది దించుకున్నారో చెప్పకు. ఈ పంటకి వాడిన మీడియేటర్లలో ఎంతమంది వచ్చే పంటకీ వాడారో చెప్పు. ఆ లెక్క వినే ఓపిక ఆయనకి ఉంటే డబ్బు తీసుకో.

ప్రశ్న: మా కిరాణా కొట్టులో రోజూ వందమంది స్కాన్ చేసి డబ్బు వేస్తారు. ఆ యాప్ వాళ్లు నా దగ్గర పైసా తీసుకోరు. వాళ్లకి లాభమేంటి? రేపు ఒక్కసారిగా చార్జీలు వేస్తే మా గతేంటి? (ఒక పాఠకుడు, దర్శి)

జవాబు: అయ్యా, యూపీఐ ఏ ఒక్క యాప్‌దీ కాదు. 2008లో రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం కలిసి పెట్టిన ఎన్‌పీసీఐ దాన్ని 2016 ఏప్రిల్‌లో 21 బ్యాంకులతో మొదలుపెట్టింది. దారి అందరిదీ, ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం దాని మీద నడిచే బండ్లు. బ్యాంకు ఖాతా నుంచి చేసే చెల్లింపులకి కొట్టువాళ్ల దగ్గర రుసుము తీసుకోకూడదని 2020 జనవరి నుంచి నియమం ఉంది. చిన్న చెల్లింపులకి ప్రభుత్వం కొంత ప్రోత్సాహకం ఇస్తుంది. యాప్‌ల వాళ్లు మీ దగ్గర సంపాదించేది వేరే దారుల్లో: డబ్బు పడ్డప్పుడు పలికే పెట్టెకి నెల అద్దె, రీచార్జిల మీద చిన్న రుసుము, బీమా, అన్నిటికన్నా ముఖ్యంగా అప్పులు. మీ కొట్టుకి రోజూ ఎంత వస్తుందో వాళ్లకి తెలుసు కాబట్టి కాగితాలు లేకుండా అప్పు ఇప్పిస్తామంటారు. ఆ అప్పు తీసుకునే ముందు వడ్డీ ఏడాదికి ఎంతో అడగండి, రోజు కట్టుబడి ఎంతో వాళ్లే చెబుతారు, అది చాలదు.

మీ రెండో భయానికి మందు యూపీఐ నిర్మాణంలోనే ఉంది. ఏ యాప్ బొమ్మనైనా ఇంకో యాప్‌తో స్కాన్ చేయొచ్చు. ఒకరు ఇబ్బంది పెడితే కాగితం మార్చి ఇంకొకరిది అంటించండి, మీ గిరాకీ ఒక్కరు కూడా పోరు. ఇట్లాంటి వెసులుబాటు చాలా వ్యాపారాల్లో ఉండదు. కింద ఉదయగిరి నుంచి వచ్చిన ఉత్తరం చూడండి.

ప్రశ్న: అమ్మా, మాది ఉదయగిరి. ఇంట్లో మూడు తరాలుగా చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేస్తున్నాం. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో పెద్ద సైట్‌లో పెడదామంటున్నాడు. పెడితే అంతా వాళ్ల చేతిలోకి పోతుందని నాకు భయం. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం నిజమైనదే. నా వల్ల అట్లాంటి నష్టం జరిగింది, అది చెప్పి తర్వాత సలహా చెబుతాను.

బెంగళూరులో ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఒకదానిలో పదకొండేళ్లు పనిచేశాను. అమ్మేవాళ్లని చేర్పించడం నా పని. ఒక ఏడాది చేతిపనుల వాళ్లని చేర్చమన్నారు. ఇష్టంగా చేశాను. నలభై కుటుంబాల ఇళ్లకి వెళ్లి, వాళ్ల నులక మంచం మీద కూర్చుని, మా నాన్న వేలం సంగతి చెప్పి ఒప్పించాను. మొదటి ఏడాది బాగా సాగింది. మరుసటి ఏడు వాపసు నియమం మార్చారు. కొన్నవాళ్లు కారణం చెప్పకుండా తిప్పి పంపొచ్చు, రానూపోనూ ఖర్చు అమ్మినవాళ్లదే. ఆ మార్పు నాకు కూడా అందరితోపాటు మెయిల్‌లోనే తెలిసింది. ఆ దీపావళికి ఒక కుటుంబం పంపిన సరుకులో మూడో వంతు పగిలి తిరిగొచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేసి "నీ మొహం చూసి ఇచ్చాను కదా తల్లీ" అన్నారు. పైవాళ్లకి నాలుగుసార్లు రాశాను, జవాబు రాలేదు. ఆ కుటుంబానికి పూచీ నేను. ఆ పూచీ నిలబెట్టే అధికారం మాత్రం నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ ఏడాదే మానేసి ఒంగోలు వచ్చేశాను.

పెట్టండి, కానీ మొత్తం అక్కడే పెట్టకండి. గిరాకీ అంతా ఒక్క చోట చేరాక ఆ చోటు యజమాని మాటే చెల్లుతుంది, ఎంత పెద్దవాళ్లకైనా. ఆపిల్ 2008లో యాప్ స్టోర్ తెరిచి నూటికి 30 తన వాటా అంది. దాని మీద పోట్లాడటానికి ఎపిక్ అనే పెద్ద ఆటల కంపెనీ 2020లో కోర్టుకి ఎక్కాల్సి వచ్చింది. మీరూ నేనూ కోర్టుకి పోలేం.

ముందు కాగితం మీద లెక్క వేయండి. 400 రూపాయల సెట్టు అనుకుందాం. కమిషన్ నూటికి 15 అయితే 60, రవాణా 70, స్థిర రుసుము 20. మొత్తం 150, దాని మీద జీఎస్‌టీ 18 శాతం, అంటే 27. మీ చేతికి 223. పది సెట్లు పంపితే ఒకటి విరిగి తిరిగొచ్చిందనుకోండి, రానూపోనూ 140 మీదే. తొమ్మిదింటి డబ్బులోంచి అది తీసేస్తే పది సెట్లకి 1,867, సెట్టుకి 187 కూడా సరిగా రాదు. చెక్క, కోత, చెక్కుడు, నునుపు, నూనె, మీ చేతి కూలి అన్నీ ఆ 187లో రావాలి. అంకెలు నేను అనుకున్నవి. మీ అబ్బాయి ఆ సైట్ అసలు రేట్లు పెట్టి ఇదే లెక్క మళ్లీ వేయాలి, వేసి మీకు చూపించాలి. డబ్బు ఎన్ని రోజులకి వేస్తారు, విరిగినది ఎవరి ఖాతాలో రాస్తారు, నియమం మార్చితే ఎన్ని రోజుల ముందు చెబుతారు, ఇవి చేరే ముందే చదవాలి.

రాష్ట్రం లోపలే అమ్మేవాళ్లు, పరిమితి లోపు వ్యాపారం ఉన్నవాళ్లు జీఎస్‌టీ నంబరు లేకుండానే, ఒక నమోదు సంఖ్య తీసుకుని ఆన్‌లైన్ సైట్లలో అమ్మొచ్చని 2023 అక్టోబరు 1 నుంచి వెసులుబాటు ఇచ్చారు. మొదటి ఏడాది మీకు అది చాలు, విజయవాడ, విశాఖ గిరాకీతో చేయి తిరగనివ్వండి. యూపీఐ లాగా సరుకుల అమ్మకానికీ అందరి దారి వేయాలని ఓఎన్‌డీసీ 2021 చివర్లో పెట్టారు. అబ్బాయిని అందులో కూడా పేరు నమోదు చేయమనండి. దాని మీదే ఆశ పెట్టుకోమని మాత్రం నేను అనను.

మీకు ఉన్న అసలు బలం వేరే చోట ఉంది. ఉదయగిరి చెక్క గరిటెలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఆ గుర్తింపు ఊరికి వచ్చింది, మీ ఇంటికి రావాలంటే అధీకృత వినియోగదారుగా మీ పేరు విడిగా నమోదు కావాలి, ఆ ఆఫీసు చెన్నైలో ఉంది. మీతోపాటు చేసే ఆడవాళ్లందరూ కలిసి ఒకేసారి దరఖాస్తు పెట్టుకోండి. అది వచ్చాక, యంత్రం మీద చేసిన గరిటెని ఉదయగిరిదని ఇంకెవరైనా అదే సైట్‌లో అమ్ముతుంటే మీరు ఫిర్యాదు చేయొచ్చు.

పెట్టెలో సొంత చీటీ, ఫోన్ నంబరు పెట్టడాన్ని చాలా సైట్లు ఒప్పుకోవు. అందుకని ప్రతి గరిటె కాడ మీద 'ఉదయగిరి' అని, దాని కింద మీ ఇంటి గుర్తు ఒకటి, ఇనప ముద్ర కాల్చి వేయండి. తెలుగులోనే వేయండి. కొన్నావిడ ఆ గరిటెతో పదేళ్లు పప్పు తిప్పుతుంది. పక్కింటామె ఎక్కడ కొన్నావని అడిగితే ఆమె సైట్ పేరు మర్చిపోవచ్చు, కాడ మీద ఊరి పేరు ఉంటుంది.